తోమినకొద్దీ

ఇత్తడీ, నిన్ను కీర్తించాలంటే ముందు నీ నలుపును కీర్తించాలి. ఏడాది పొడుగునా వాడి వాడి, పొయ్యి సెగ తగిలి, సముద్రపు గాలి సోకి, పట్టుకున్న ప్రతి చేతి చెమటనూ ఒంటికి పూసుకుని మసకబారిన నీ మొహాన్నే ముందు కీర్తించాలి. ఆ మసక లేకపోతే చింతపండుకు పని లేదు, కొబ్బరి పీచుకు పని లేదు. పండగ ముందు సామానంతా పెరట్లో కుప్పపోసి, ముక్కాలిపీట లాక్కుని, కుచ్చెళ్లు ఎగదోపి కూర్చునే ఆ పొద్దే లేదు.

రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది. తుత్తునాగం 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. ఆ ఆవిరిని పట్టి, చల్లార్చి, లోహంగా దింపే విద్యను రాజస్థాన్‌లోని జావర్ గనుల దగ్గర మనవాళ్లు వందల ఏళ్ల కిందటే సాధించారు. ఎర్రగా నిలిచే ఒకటీ, పొగై ఎగిరిపోయే ఇంకొకటీ. ఆ రెంటినీ ఒక మూసలో కాపురం పెట్టిస్తే పుట్టిన పసుపు నీది. బంగారానికి లేని గుణం ఒకటి నీకుంది. బంగారం మాయదు, కాబట్టి దానికి మళ్లీ మొదలుపెట్టడం తెలియదు. నువ్వు మాస్తావు, తోమితే మళ్లీ మొదలవుతావు.

తెనాలి, బాపట్ల, రేపల్లె. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, తక్కిన రెండూ బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. ఇత్తడి లెక్కలో మాత్రం మూడూ ఒకే ఇల్లు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణ నీళ్లు కాలువలకు మళ్లాయి. నీళ్ల వెంట వరి వచ్చింది, వరి వెంట నాలుగు డబ్బులు వచ్చాయి, డబ్బుల వెంట ఇత్తడి వచ్చింది. ఊరి మధ్య నుంచి మూడు కాలువలు సాగే తెనాలిలో ఆడవాళ్లు కాలువ మెట్ల మీద బిందెలు తోమారు. ఇసుక నేల బాపట్లలో బావి గట్ల మీద తోమారు. రేపల్లె దాటి పెనుమూడి రేవులో, సముద్రాన్ని కలవబోతున్న కృష్ణ ఒడ్డున తోమారు. సూర్యలంక సముద్రపు ఉప్పుగాలి ఎంత దగ్గరైతే చెంబు అంత తొందరగా మసకబారుతుంది. ఆ ఉప్పుకు రాగి మీద కోపం ఎక్కువ. అందుకే ఈ తీరపు చేతులకు తోముడు బాగా వచ్చు. వాళ్లకు అది తప్పనిసరి విద్య.

ఆ విద్యను దగ్గరగా చూద్దాం.

గుప్పెడు పాత చింతపండు కావాలి. కొత్త పండు పులుసుకు, ఏడాది దాటి నల్లబడింది తోముడుకు. గోరువెచ్చటి నీళ్లలో నానేసి, చిటికెడు రాళ్లుప్పు వేసి, గుజ్జంతా పిసికి, పిప్పితో సహా బిందెకు పట్టించాలి. తొందరపడి నీళ్లు పోస్తే ఊరుకునేవాళ్లు కారు పెద్దవాళ్లు. "పులుపు పట్టనీవే, అప్పుడే కడుగుతావేంటి" అనేవాళ్లు. పట్టనివ్వాలి. ముందు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత గుజ్జు రంగు మారుతుంది, ఇటికరాయి రంగు నీరు ఒకటి బిందె పొట్ట మీంచి చారలుగా జారుతుంది. ఆ చార వెళ్లిన దారంతా కింద పసుపు బయటపడుతుంది. పీచు పెట్టి గుండ్రంగా ఒక చుట్టు తిప్పితే అరచేయి మేర తెల్లవారుతుంది. అంచు తోమడం సులువు. పొట్ట ఇంకా సులువు. మెడ దగ్గరుంది కష్టమంతా. అక్కడ రెండు వేళ్లే పడతాయి. మెడకూ భుజానికీ మధ్య మడతలో కిలుము పచ్చగా గట్టిపడి ఉంటుంది. దానికి నిమ్మచెక్క కావాలి, ఓపిక కావాలి. అడుగున పట్టిన మసి వేరే జాతి. అది పొయ్యి ఇచ్చిన బొగ్గు, పులుపుకు లొంగదు. దానికి ఊక బూడిదే మందు.

చింతపండు చేసే పని ఇది. గాలిలోని ప్రాణవాయువు రాగితో కలిసి నీ ఒంటి మీద నల్లటి పొర కడుతుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఆ పొరను కరిగించి నీళ్లలోకి లాగుతుంది, కింద ఉన్న మంచి లోహం జోలికి అంతగా పోదు. ఉప్పు ఆ పనికి ఊపు ఇస్తుంది. పొర కరిగిపోయాక ఆగాలి. ఆ ఆగడంలోనే ఉంది నేర్పు. పులుపులో రాత్రంతా నానబెట్టిన చెంబు పొద్దున్నకు పసుపు పోయి గులాబీ రంగుకు తిరిగి ఉంటుంది. తుత్తునాగం కొంత కరిగి వెళ్లిపోయింది, రాగి ఒక్కటే పైన తేలింది అని అర్థం. తోమేవాళ్లు ఆ రంగు చూసి "ఎర్రబారింది" అంటారు. పైపైన ఎర్రబడితే మళ్లీ రుద్దితే పోతుంది. బజారు యాసిడ్‌లో ముంచి ముంచి ఎర్రబార్చిన సామాను మాత్రం లోపల గుల్లబారుతుంది, దాని మోతలో గట్టిదనం తగ్గుతుంది.

కడిగాక వెంటనే తుడవాలి. నీటిచుక్క ఎక్కడ ఆరితే అక్కడ మచ్చ. పాత పంచె ముక్కతో తుడిచి, ఎండలో బోర్లించి, వెచ్చబడ్డాక లోపలికి తేవాలి. ఆ వెచ్చటి బిందె అడుగు మీద చెయ్యి వేసి చూసినవాళ్లకు తెలుస్తుంది, ఆ పూట ఇంట్లోకి ఎవరో కొత్త మనిషి వచ్చారని.

ఇత్తడీ, నిన్ను తోమడమంటే మెరుపు తెప్పించడం ఒక్కటే అనుకునేవాళ్లకు నీ సంగతి సగమే తెలుసు. తోమడమంటే చూడటం. కంటితో చూస్తే బిందె బిందెలాగే కనబడుతుంది. చేత్తో చూస్తే ప్రతి అంగుళమూ తగులుతుంది. కిందటి సంక్రాంతికి లేని సొట్ట ఈ సంక్రాంతికి వేలికి తగులుతుంది. మాటు వేయించిన చోట అంచు లేస్తోందని తెలుస్తుంది. లోపల కళాయి పలచబడి పసుపు తొంగి చూస్తోందని, ఇక దీంట్లో పులుసు కాయకూడదని తెలుస్తుంది. మురికి కింద దాక్కున్న సన్నటి పగులు తోముడుతోనే బయటపడుతుంది.

ఈ మాట బిందెకు ఎంత నిజమో, నీ ఇంకో అవతారానికి అంతే నిజం. తుపాకీ పేలాక పక్కకు ఎగిరిపడే ఖాళీ తూటా తొడుగు కూడా నువ్వే. నూటికి డెబ్బై పాళ్లు రాగి, ముప్పై పాళ్లు తుత్తునాగం. లోహశాస్త్రంలో ఆ పాళ్లకు కార్ట్రిడ్జ్ బ్రాస్ అనే పేరే స్థిరపడింది. గుండ్రటి బిళ్లను గిన్నెగా వంచి, గిన్నెను గొట్టంగా సాగదీసినా చీలకపోవడం ఆ పాళ్ల మహిమ. మందు అంటుకున్న క్షణంలో తొడుగు ఉబ్బి తుపాకీ లోపలి గోడలకు అతుక్కుంటుంది, వాయువును వెనక్కి రానివ్వదు. ఒత్తిడి దిగగానే కాస్త ముడుచుకుని జారి బయటపడుతుంది. అంత దెబ్బ తిని కూడా మళ్లీ పనికొచ్చేలా మిగులుతుంది. మన కాలేజీల ఎన్‌సీసీ పిల్లలు ఫైరింగ్‌కు వెళ్తే, గురి ఎలా ఉన్నా, కాల్చిన తర్వాత ఖాళీ తొడుగులన్నీ గడ్డిలోంచి ఏరి లెక్క చూసి అప్పజెప్పాల్సిందే. నేల మీద వేడిగా పడ్డ ఆ చిన్న ఇత్తడి ముక్క కూడా సర్కారు సొత్తే.

మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడాన్ని 1959 ఆయుధాల చట్టం ఒప్పుకోదు. ఇంట్లో కూర్చుని ఖాళీ తొడుగులు నింపుకునే అలవాటు మన ఊళ్లలో అందుకే లేదు. అమెరికాలో గురిపోటీలకు వెళ్లేవాళ్లలో చాలామందికి అది రోజువారీ పని. అక్కడ వాళ్లు ఆ తొడుగులను ఎలా శుభ్రం చేస్తారో వింటే మన పెద్దమ్మలు నవ్వుతారు, వాళ్లకు తెలిసిన పనే కాబట్టి. నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్లలో కాసేపు ఉంచుతారు. ఎక్కువసేపు ఉంచితే గులాబీ రంగుకు తిరుగుతుందని వాళ్లకూ తెలుసు. లేకపోతే ఎండిన మొక్కజొన్న కండెల నూకలో, అక్రోటు చిప్పల పొడిలో పోసి, కదిలే డబ్బాలో గంటల తరబడి దొర్లిస్తారు. మొక్కజొన్న కండెలంటే మాకు కొత్తా? వరి కోసిన మాగాణిలో దున్నకుండానే మొక్కజొన్న గుచ్చే నేల ఇది. రబీ చివర కొల్లిపర, దుగ్గిరాల దారుల్లో నూర్చిన కండెలు గుట్టలుగా పడి ఉంటాయి. ఇక ఆ డబ్బా సంగతి. ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ములను డ్రమ్ములో పోసి తిప్పితే, ఒకదాన్నొకటి రాసుకుని పైతొక్క రాలి నున్నగా తేలినట్టే, ఆ తొడుగులు కూడా కండెల నూకలో ఒరుసుకుని పసుపుపచ్చగా తేలతాయి.

వాళ్లు శుభ్రం చేసేది అందానికి కాదు. తొడుగుకు అంటిన ఇసుక రేణువు దాన్ని మళ్లీ ఆకారానికి తెచ్చే అచ్చును గీస్తుంది, మసి కింది పగులు కంటికి కనబడదు. పగిలిన తొడుగును ఇంకోసారి వాడితే ప్రమాదం కాల్చేవాడి మొహం ముందే జరుగుతుంది. అందుకని కడుగుతారు, వెలుతురులో తిప్పి తిప్పి చూస్తారు, అనుమానం వస్తే పక్కన పడేస్తారు. పెరట్లో బిందె మెడ మడతలో వేలు దూర్చి చూసే అమ్మమ్మ చేసేదీ అదే.

నీ చరిత్రలో మన వానాకాలానికి ఒక పేజీ ఉంది. అది చెప్పకుండా నిన్ను పొగడటం కుదరదు. ఆంగ్లేయుల సైన్యం ఈ దేశంలో తూటాలు నిలవ చేసేది. వానలు పట్టాక తీసి చూస్తే కొన్ని తొడుగులు వాటంతట అవే నిలువునా పగిలి ఉండేవి. ఎవరూ కాల్చలేదు, ఎవరూ కొట్టలేదు. గుర్రపుసాలల్లో పెట్టినవి మరీ పగిలేవి. వానాకాలంలో వస్తుంది కాబట్టి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టి ఊరుకున్నారు చాలాకాలం. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు లోహశాస్త్రజ్ఞులు గుట్టు విప్పారు. గుర్రపు మూత్రం నుంచి లేచే అమ్మోనియా తేమతో కలిసి ఇత్తడి మీద వాలుతుంది. సాగదీసి సాగదీసి తయారుచేసిన తొడుగులో ఆ లాగుడు బిగువు ఇంకా మిగిలే ఉంటుంది. బిగువు ఉన్నచోట అమ్మోనియా దూరితే లోహం విచ్చుకుంటుంది. మందు కూడా వాళ్లే చెప్పారు. పొడిగా దాచాలి, తయారయ్యాక సన్నసెగ మీద కాచి లోపలి బిగువును వదిలించాలి.

కాచి బిగువు వదిలించే మాట మన కంచరి వాళ్లకు కొత్త కాదు. తణుకు దగ్గర అజ్జరంలో, శ్రీకాకుళం వైపు బుడితిలో ఇత్తడిని కొట్టేవాళ్లకు చేతిలో ఉన్న విద్య అది. రేకును కొట్టినకొద్దీ బిరుసెక్కుతుంది. ఇంకా కొడితే చీలుతుంది. అప్పుడు కొలిమిలో పెట్టి కాచి, చల్లార్చి, మళ్లీ కొడతారు. సుత్తి ఇచ్చిన బిరుసును నిప్పు తీసేస్తుంది. బిందె పొట్ట మీద వరసగా ఉన్న చిన్న చిన్న సుత్తి అచ్చుల్లో ఎన్ని కాపులు, ఎన్ని చల్లార్పులు ఉన్నాయో! తోమేటప్పుడు ఆ అచ్చులు ఒక్కొక్కటిగా వెలుగు పట్టుకుంటాయి. అచ్చులో పోసిన సామానుకు ఆ ఒంపుల వరస ఉండదు.

గుర్రపుసాల కథలో మనకు పనికొచ్చేది ఒకటుంది. పాత ఇత్తడి గంగాళాలను గొడ్లసావిట్లో మూలన పడేసే అలవాటు పల్లెల్లో ఉంది. పశువుల మూత్రం, వానాకాలపు చెమ్మ, కొట్టి చేసిన ఇత్తడి: మూడూ ఒకచోట చేరకూడదు. మెరుపు కోసం కొనే సీసాల పాలిష్‌లలో అమ్మోనియా ఉన్నవి కూడా ఉంటాయి. తూటా తొడుగులు కడిగేవాళ్లు వాటిని దగ్గరికి రానివ్వరు. మనం కూడా అట్ట మీది అక్షరాలు చదివి కొనాలి.

ఇప్పుడు చేతుల సంగతి. ఇత్తడీ, నీ మెరుపును పొగిడినవాళ్లు నిన్ను తోమిన చేతులను పొగడలేదు. వేలికి చిన్న గాటు ఉంటే చింతపండు పులుపు అక్కడే పట్టి మండుతుంది. ఊక బూడిద గోళ్ల సందుల్లో చేరి రెండు రోజులు పోదు. పెళ్లి అయిన మర్నాడు గుండిగలూ గంగాళాలూ ఎవరు తోమారు? పొద్దుటి నుంచి నడుము వంచి, లోపలికి భుజం దాకా చెయ్యి దూర్చి, అడుగున మాడిన అన్నాన్ని గీకింది ఎవరు? కూలికి వచ్చినవాళ్లు, ఇంటి కోడళ్లు. హారతి పళ్లెం అందుకుని కళ్లకద్దుకున్నవాళ్లకు ఆ పళ్లెం తోమినవాళ్ల పేరు గుర్తుండదు. బాపట్ల భావనారాయణస్వామి గుడిలో కానీ, తెనాలి వైకుంఠపురంలో కానీ, ఏ ఊరి చిన్న రామాలయంలో కానీ, స్వామి ముందు వెలిగే కుందె వెనక ఒక తడి చెయ్యి ఉంది. నా మట్టుకు నాకు ఆ చెయ్యి కూడా అర్చనలో భాగమే.

స్టీలు సామాను వచ్చినప్పుడు ఆ చేతులు ఊపిరి పీల్చుకున్నాయి. పాత ఇత్తడి తూకానికి తీసుకుని కొత్త స్టీలు ఇచ్చేవాళ్లు వీధుల్లోకి వచ్చారు. అమ్మలు బిందెలు ఇచ్చి స్టీలు గిన్నెలు తీసుకున్నారు. వాళ్లను తప్పుపట్టే హక్కు తోమని మనిషికి లేదు. రోజూ తోమాల్సిన పది సామాన్లు రెండయ్యాయి, ఆ మిగిలిన గంటలో వాళ్లు కాస్త నడుము వాల్చారు. మంచిదే. నా బాధ అది కాదు. బిందెతో పాటు బిందె మీది పేరు కూడా తూకానికి వెళ్లిపోయింది.

పేరు గురించి చెప్పాలి. సారె బిందె కొన్నప్పుడు కొట్లోనే పేరు కొట్టించేవాళ్లు. చిన్న ఉలి, చిన్న సుత్తి, టకటకమని చుక్కల వరస. అమ్మాయి పేరు, ఇంటిపేరు, ఒక్కోసారి ఊరు, సంవత్సరం. బిందె మెడ కింద చుట్టూ ఆ చుక్కల అక్షరాలు. తోమినప్పుడు చుట్టూ పసుపు తేలుతుంది, చుక్కల్లో మాత్రం నలుపు నిలిచిపోతుంది. అందువల్లే పేరు చదవడానికి వీలు. పూర్తిగా మాసిన బిందె మీద పేరు కనబడదు. తోమిన బిందె మీద కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. తోమినప్పుడల్లా నీ ఒంట్లోంచి రవ్వంత లోహం పోతుంది, దాన్ని దాచడం ఎందుకు. నాలుగైదు దశాబ్దాలు తోమిన బిందె మీద చుక్కలు లోతు తగ్గి, అక్షరాలు ఒకదాంట్లోకొకటి కలిసిపోతాయి. ఆఖరికి కంటికి అందని పేరు వేలి కొసకు అందుతుంది. ఒక ఆడమనిషి పేరు ఆవిడ చేతి రాపిడికే అరిగిపోవడం నేను కళ్లారా చూశాను, అలా అరిగిన బిందెను మించిన జీవితచరిత్రను నేను చదవలేదు.

కళాయి వాడు గుర్తున్నాడా? "కళాయీ... కళాయి పోస్తాం" అని అరుస్తూ వచ్చి వేపచెట్టు కింద గుంట తవ్వి, తోలుతిత్తి అమర్చి, బొగ్గులు రాజేసేవాడు. పిల్లలం చుట్టూ మూగేవాళ్లం. తపేలాను పటకారుతో పట్టి సెగ మీద తిప్పి, లోపల నవాసారం చల్లేవాడు. గుప్పున తెల్లపొగ. ముక్కు మండే వాసన. ఆ పొగతో పాటు లోపలి మసక వదిలేది. తర్వాత తగరం కడ్డీని వేడి అడుగుకు ఇలా తాకించేవాడు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. తాకీ తాకగానే వెండిచుక్క జారేది, దూది ఉండతో చుట్టూ పులిమితే ఒక్క ఊపులో తపేలా లోపలంతా తెల్లబడేది. నీళ్ల బకెట్లో ముంచితే చుయ్యిమని చప్పుడు. బయట పసుపు, లోపల తెలుపు. ఇక పులుసు కాచుకోవచ్చు, పెరుగు తోడుపెట్టుకోవచ్చు. పులుపు నిన్ను శుభ్రమూ చేస్తుంది, వంటలో కలిస్తే నీలోంచి కిలుమునూ లాగుతుంది. ఆ రెంటికీ మధ్య గోడ కట్టింది ఈ పలచటి తగరం.

మంచినీళ్లకు మాత్రం ఆ గోడ అక్కర్లేదు. ఇత్తడి పాత్రలో నిలవ ఉంచిన నీళ్లలో కోలి జాతి సూక్ష్మజీవులు రెండు రోజుల్లో నశిస్తాయని 2005 ప్రాంతంలో రాబ్ రీడ్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడూ ఆయన భారతీయ సహచరులూ పరీక్షించి చెప్పారు. నీలోంచి అణువంత రాగి నీళ్లలోకి దిగి ఆ పని చేస్తుంది. కాలువ నీళ్లు, చెరువు నీళ్లు తాగి బతికిన డెల్టా పల్లెలకు నువ్వు మాట చెప్పకుండా చేసిన ఉపకారం ఎంతో.

అయితే అన్నిటినీ తోమకూడదు. బాపట్లకు దగ్గర్లో, కర్లపాలెం మండలంలో బుద్ధాం అనే ఊరుంది. అక్కడ పంతొమ్మిదో శతాబ్దంలో కంచు బుద్ధ విగ్రహాల నిధి బయటపడింది. ఆరు నుంచి ఎనిమిదో శతాబ్దం మధ్యవి. ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మన నేల నుంచి అంత దూరం వెళ్లిపోయాయన్న దిగులు నాకుంది. కానీ వాటికి చింతపండు పట్టించాలని ఏ తెలివైన మనిషీ అనడు. వందల ఏళ్లపాటు మట్టి, తేమ, కాలం కలిసి వాటి మీద కట్టిన పొర వాటి వయసుకు సాక్ష్యం. ఆ పొరను గీకితే కథ పోతుంది. ఇంట్లో అటక మీది ముత్తాత కాలపు రాగి నాణేలకూ, అరిగిన చిన్న విగ్రహాలకూ ఇదే వర్తిస్తుంది. పొడిబట్టతో తుడిచి వదిలేయాలి. పని ముగిసిన దాన్ని కాలానికి వదలాలి. పని మిగిలి ఉన్న దాన్ని తోమాలి. నీళ్లు మోయాల్సిన బిందెను, వెలగాల్సిన కుందెను, మోగాల్సిన గంటను తోమాలి.

ఇత్తడీ, మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో కూర్చున్న సిపాయిలు ఫిరంగి గుండ్ల ఖాళీ తొడుగులు ఏరి, మసి తుడిచి, వాటి మీద పూలూ ఆకులూ చెక్కి పూలకుండీలు చేసుకున్నారు. చావు మోసుకెళ్లిన గొట్టంలో పూలు పెట్టుకున్నారు. ఎవరు చెప్పారు వాళ్లకు? నీ పసుపే చెప్పి ఉంటుంది. మనవైపు ఆ అవసరం రాలేదు, నువ్వు మా దగ్గరికి బిందెగానే వచ్చావు. తెనాలిలో శిల్పుల చేతులు ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు లేపుతున్నాయి. కాటూరి వారి సూర్య శిల్పశాల పేరు దేశమంతా తెలుసు. తుక్కు అని లోకం పారేసిన దాంట్లో ఇంకా పని మిగిలి ఉందని గుర్తుపట్టే కన్ను ఈ ఊరికి ఉంది. పాత బిందె విషయంలో ఆ కన్ను మన ఇళ్లలోనూ తెరుచుకోవాలి.

కార్తీక పౌర్ణమికి సూర్యలంక ఒడ్డున జనం చూడండి. సముద్రస్నానానికి వచ్చినవాళ్ల చేతుల్లో ఇప్పటికీ ఇత్తడి చెంబులు కనబడతాయి. తెల్లవారుజామున అలలోకి దించి పైకెత్తిన చెంబు అంచు మీద తొలి ఎండ పడుతుంది. ఇంటికి వచ్చాక ఆ చెంబును మంచినీళ్లతో కడిగి తుడవని వాళ్లకు వారం తిరిగేసరికి అంచు చుట్టూ పచ్చటి కిలుము. పుణ్యం స్నానంతో వచ్చినా, చెంబు మాత్రం కడిగితేనే దక్కుతుంది.

చదువుతున్న మీకు నా మనవి ఇదొక్కటే. ఈ పండగకు అటక ఎక్కండి. అక్కడ పాత చీరలో చుట్టిన బిందె ఒకటి ఉంటుంది, మీ అమ్మదో, నాయనమ్మదో. దించండి. పని మనిషికి అప్పగించకండి, ఇంట్లో మగవాళ్లు కూడా ఒక పీట వేసుకుని కూర్చోండి. పాత చింతపండు, చిటికెడు ఉప్పు, కొబ్బరి పీచు చాలు. యాసిడ్ వద్దు, ఉక్కు పీచు వద్దు. పులుపు పట్టనిచ్చి రుద్దండి, మెడ మడత వదలకండి, కడిగిన వెంటనే తుడిచి ఎండలో బోర్లించండి. మెడ కింద చుక్కల్లో పేరు కనబడితే పిల్లల్ని పిలిచి గట్టిగా చదివించండి. ఆ తర్వాత దాంట్లో నీళ్లు నింపి వాడుకోండి. తూకానికి మాత్రం వేయకండి.